ప్లీడరుగారి నిద్ర

ప్లీడరు బస్సు డ్రైవరు చెవి కొరికింది బుధవారం పొద్దున, ఆయన డ్యూటీకి బయలుదేరే వేళకి.

ప్లీడరంటే చిలక. ఏ మాటకైనా ఎదురుమాట అనకుండా ఊరుకోదని మామగారు పెట్టిన పేరది. బస్సు డ్రైవరు ఆ మామగారి పెద్దకొడుకు. రోజూ వెళ్ళేముందు పంజరం తలుపు తీసి, దాన్ని భుజమెక్కించుకుని, ఒక శనగగింజ అందించి వెళ్ళడం ఆయనకు అలవాటు. ఆ పూట చిలక గింజ వంక చూడనైనా లేదు. మెడ చాచి చెవితమ్మె పట్టుకుని, పట్టకారుతో మేకు పీకినట్టు పీకింది.

"అబ్బా! చంపేసింది!"

ముందుగదిలో స్కూలు చొక్కాల కాలర్లు కత్తిరిస్తున్న పెద్దకోడలు, మెడలో టేపు వేలాడుతుండగా, కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. అప్పటికే చిలక ఎగిరి కర్టెను రాడ్డు మీద వాలి, ఇల్లు దద్దరిల్లేలా అరుస్తోంది. డ్రైవరు చెవి మీద తువ్వాలు అదుముకుని నిలబడ్డాడు.

"మొన్న నాన్న వేలు. నిన్న పిల్ల ముక్కు. ఇవాళ నా చెవి. చాలు. ఆ పక్షుల కొట్టాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఆదివారం నాకు సెలవు. తీసుకెళ్ళి ఇచ్చేస్తా. ఇంక వాదన లేదు!"

"వాదన లేదు!" అంది చిలక, పైనుంచి.

ఎవరికీ నవ్వు రాలేదు. పెద్దకోడలు కుర్చీ ఎక్కి, దుప్పటి ముక్క చేతికి చుట్టుకుని, బుజ్జగించి బుజ్జగించి దాన్ని కిందికి దింపింది. అప్పుడే చూసింది. రొమ్ము మీద కోటు గుండీ అంత మేర ఈకలు లేవు. లోపలి తోలు ఎర్రగా, పలచగా, వణుకుతూ కనిపించింది. తన ఈకలు తనే పీక్కుంటోంది. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి, ఉలిక్కిపడి తెరుచుకుంటున్నాయి.

పెద్దకోడలు ఒక పని తలకెత్తుకుంటే దించే మనిషి కాదు. మధ్యాహ్నానికల్లా కుట్టు పని కూతురికి అప్పగించి, పంజరం ఒళ్ళో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళే బస్సులో కూర్చుంది.

డాక్టరమ్మ చిలకను ఒడుపుగా తువ్వాలులో చుట్టి, ముక్కు చూసింది, గోళ్ళు చూసింది, బుల్లి కాటాలో తూచింది. గుండె మీద గొట్టం పెట్టి కళ్ళు మూసుకుని వింది.

"జబ్బేమీ లేదమ్మా. ఇది ఎన్నింటికి పడుకుంటుంది?"

పెద్దకోడలికి నవ్వొచ్చింది. "చిలకకి టైమేమిటండీ?"

"పంజరం ఎక్కడ పెడతారు?"

"హాల్లో, టీవీ పక్కన. సందడిగా ఉంటే దానికీ తోస్తుందని."

"టీవీ ఎప్పుడు కట్టేస్తారు?"

"మామయ్యగారికి నిద్రొచ్చినప్పుడు. పదకొండు అవుతుంది. ఆయనకి చెవుడు, కాస్త గట్టిగానే పెడతారు."

"పొద్దున మొదట లైటు వేసేదెవరు?"

"నేనే. ఐదింటికి."

డాక్టరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి ఆరు వేళ్ళు చూపించింది. "దీనికి కావాల్సింది పన్నెండు. తక్కువలో తక్కువ పది. చీకటి ఉండాలి, చప్పుడు ఉండకూడదు, రోజూ ఒకే వేళకి పడుకోవాలి. మిమ్మల్ని నెలల తరబడి ఆరు గంటలు, అదీ టీవీ పక్కన పడుకోబెడితే మీరు మాత్రం ఎవర్నీ కొరకరా?"

పెద్దకోడలు లేచి నిలబడిపోయింది. "అంతేనా? మందూ మాకూ అక్కర్లేదా? నిద్రేనా?"

"నిద్రే. మరీ కటిక చీకటైతే బెదిరి కొట్టుకుంటుంది, ఒక చిన్న దీపం ఉంచండి. వంటింట్లో మాత్రం పెట్టకండి, మాడిన పెనం పొగ దీని ప్రాణం తీస్తుంది. నిద్రకి కుదురుకుంటే అదే ముక్కు నూరుకుంటుంది. కరకరమని చిన్న చప్పుడు వస్తుంది. అది వినపడిందంటే మీరు గెలిచినట్టే."

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ అడక్కపోయినా పెద్దకోడలు చెప్పేసింది. "జబ్బు కాదండీ! నిద్ర లేకపోవడం!" ముసలావిడ తను దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా విని, "మా ఇంట్లో ఒక పిల్లి ఉంది, దానికీ ఇదే అయ్యుంటుంది," అంటూ దిగిపోయింది. పెద్దకోడలికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. బుధవారం సాయంత్రం. ఆదివారానికి ఇంకా నాలుగు రాత్రులున్నాయి.

ఇంటికి వచ్చీరాగానే టీవీ ముందుకెళ్ళి నిలబడింది.

"మామయ్యా, ఇవాళ్టినుంచి ఏడింటికి టీవీ బంద్."

"ఏడున్నరకి వార్తలు!" మామగారు రిమోటును గుండెలకు హత్తుకున్నారు.

"రేపు పొద్దున వినండి. ఈలోగా ఎవరూ ఏదీ బాగుచేసెయ్యరు."

మామగారు కాసేపు ఆలోచించారు. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలకు ముద్రలు కొట్టిన మనిషి, న్యాయమైన మాటకు విలువిస్తారు. "అదీ నిజమే," అని రిమోటు ఇచ్చేశారు.

మొదటి రాత్రి పంజరం హాల్లోనే ఒక మూలకు జరిపి దుప్పటి కప్పారు. ఏడింటికి దీపం తగ్గించారు. ఏడుంబావుకి వంటింట్లో మూత పడింది. ఏడున్నరకి పాలవాడు బెల్లు కొట్టాడు. "ఎవరూ? ఎవరూ?" అని దుప్పటి లోపలినుంచి ప్లీడరు జవాబు. ఎనిమిదికి కూతురు ఫోను మోగింది. తొమ్మిదింటికి డ్రైవరు వచ్చి, చీకట్లో కుర్చీకి కాలు కొట్టుకుని, ఎవరూ వినకూడని మాట ఒకటి అన్నాడు. ఆ మాట చిలక మూడుసార్లు అప్పజెప్పింది.

"ఈ ఇంట్లో మనుషులకే నిద్ర లేదు, దీనికేం తెస్తావు?" అని ఆయన చెవి తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున పెద్దకోడలు గదిగదికీ తిరిగింది. వంటిల్లు కుదరదు. వెనక వరండాలో కుక్కలు, ఈదురుగాలి. మేడమెట్ల కింద ఎలుకలు. కూతురి గదిలో చదువు, దీపం, ఫోను. ఇక మిగిలింది ఒక్కటే, చిన్నకోడలి గది.

చిన్నకోడలు అంబులెన్సు ఆఫీసులో రాత్రిపూట ఫోన్లు ఎత్తుతుంది. సాయంత్రం ఆరింటికి వెళ్ళి పొద్దున ఏడున్నరకి వస్తుంది. లారీ మీద దూరాలు తిరిగే భర్త నెలకు రెండుసార్లు ఇంటి మొహం చూస్తాడు. ఆమె గది కిటికీకి దళసరి నల్లగుడ్డ మేకులతో బిగించి ఉంటుంది. రాత్రిళ్ళు ఖాళీ, చీకటి, హాలుకు దూరం. ఇంత చక్కటి గది కళ్ళ ముందుంటే ఊరంతా వెతికానే అని పెద్దకోడలు తల కొట్టుకుంది.

సాయంత్రం చిన్నకోడలు అన్నం డబ్బా సంచీలో సర్దుకుంటుండగా వెళ్ళి అడిగింది.

"నా గదా? తీసుకో అక్కా. రాత్రిళ్ళు ఖాళీయేగా."

"నీకేం ఇబ్బంది లేదుగా? నువ్వొచ్చేసరికి తీసేస్తాలే."

"నా మంచమెక్కి పడుకోదుగా?" చిన్నకోడలు నవ్వి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఒక చెప్పు తప్పు కాలికి వేసుకుని, చూసుకుని, మార్చుకుంది. "వెళ్ళొస్తా. దానికి మంచి నిద్ర పట్టాలి పాపం."

ఆ మధ్యాహ్నమే పెద్దకోడలు పంజరానికి కోటు కుట్టి ఉంచింది. యూనిఫారాల్లో మిగిలిన ముదురునీలం గుడ్డ, లోపల మెత్తటి లైనింగు. పంజరం చుట్టూ టేపు వేసి, మనిషికి కొలతలు తీసినట్టే తీసింది. గాలి ఆడటానికి వెనక ఒక చీలిక, తలుపు దగ్గర రెండు గుండీలు, పైన పట్టుకోవడానికి కాజా కుట్టిన కన్నం. తొడిగి చూస్తే ఎక్కడా ముడత లేదు.

"ప్లీడరుగారికి కోటు కుదిరింది," అన్నారు మామగారు. "ఇక కోర్టుకి వెళ్ళడమే."

ఏడింటికి ఊరేగింపు బయలుదేరింది. ముందు కూతురు తలుపులు తీస్తూ, వెనక పెద్దకోడలు పంజరం మోస్తూ, ఆ వెనక మామగారు బుల్లి దీపం పట్టుకుని. చిన్నకోడలి గదిలో బల్ల మీద పంజరం పెట్టి, కోటు తొడిగి, గుండీలు పెట్టి, దీపం మూలన ఉంచి, తలుపు చేరవేసి పెద్దకోడలు బయట చతికిలబడింది. చెవి తలుపుకు ఆనించింది.

మొదట రెక్కలు సర్దుకున్న చప్పుడు. తర్వాత కర్ర మీద అటూ ఇటూ నడిచిన చప్పుడు. "ఎవరూ?" అంది ఒకసారి నెమ్మదిగా. ఎవరూ పలకలేదు. చాలాసేపు ఏమీ లేదు. ఇక లేచి పోదామనుకుంటుండగా వచ్చింది. కర్... కర్... కర్... ఎక్కడో దూరంగా ఎవరో పలక మీద బలపం గీస్తున్నట్టు.

పెద్దకోడలు రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. లేచి, మునివేళ్ళ మీద పరుగెత్తి, ఇంటిల్లిపాదినీ లాక్కొచ్చింది. ఆ రోజు తొందరగా వచ్చిన డ్రైవరు కూడా చేతిలో అన్నం ముద్దతోనే వచ్చాడు. నలుగురూ తలుపుకు చెవులు ఆనించి నిలబడ్డారు.

"నాకేం వినపడటం లేదే!" అని అరిచారు మామగారు.

ముగ్గురూ ఒక్కసారి ఆయన నోరు మూశారు. లోపల చప్పుడు ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. మళ్ళీ మొదలైంది. కర్... కర్...

శుక్రవారం చిలక పదకొండు గంటల పది నిమిషాలు నిద్రపోయింది. శనివారం పదకొండు గంటల నలభై. పెద్దకోడలు కొలతల పుస్తకం వెనక పేజీలో ఇవన్నీ రాసుకుంది. పడుకున్న వేళ, ముక్కు నూరిన వేళ, లేచిన వేళ. పొద్దున ఏడున్నరకి చిన్నకోడలు వీధి గుమ్మంలోంచి వస్తుంటే చిలక హాల్లోకి వెళ్ళేది. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతున్నారని కూతురు నవ్వేది. పాలవాడికి బెల్లు కొట్టొద్దని చీటీ అంటించారు. వంటింట్లో గిన్నెలు బోర్లించే చోట పాత తువ్వాలు పరిచారు. శనివారం మధ్యాహ్నం ఎర్రగా ఉన్న చోట ఆవగింజంత ముళ్ళు రెండు కనిపించాయి. కొత్త ఈకలు! పెద్దకోడలు భూతద్దం తెచ్చి మామగారికి చూపించింది, కూతురికి చూపించింది, చొక్కాలకు ఆది ఇవ్వడానికొచ్చిన స్కూలు టీచరుకు కూడా చూపించింది.

ఆదివారం పొద్దున డ్రైవరు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చాడు. పక్షుల కొట్టాయన పదింటికి రమ్మన్నాడని అందరికీ తెలుసు. ఆయన పంజరం తలుపు తీశాడు. చిలక చేతి మీదుగా నడిచి, మోచెయ్యి దాటి, భుజమెక్కింది. శనగగింజ అందుకుని, ఒలిచి, తింది. తర్వాత మెడ చాచింది. చెవి వైపు.

పెద్దకోడలి గోళ్ళు అరచేతిలో దిగబడ్డాయి. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. చిలక ఇంకా కట్టు ఉన్న చెవి దగ్గర ముక్కు పెట్టి, పక్కన ఉన్న వెంట్రుకలను ఒక్కొక్కటే సుతారంగా దువ్వడం మొదలుపెట్టింది. తన ఈకలు తను సర్దుకున్నట్టే.

ఆయన ఒక కన్ను తెరిచాడు. "సరే," అన్నాడు గొంతు సవరించుకుని. "కేసు కొట్టేశాను."

కూతురు చప్పట్లు కొట్టింది. మామగారు టీవీ పెట్టబోయి, తనంతట తనే చప్పుడు తగ్గించారు. పెద్దకోడలు ఆ రోజంతా ఇంట్లో నడవలేదు, ఎగిరింది. డాక్టరమ్మకు ఫోను చేసింది. "ఒక ప్రాణిని నిలబెట్టారమ్మా," అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమె డ్రైవరుకు రెండుసార్లు, మామగారికి గట్టిగా ఒకసారి చెప్పింది.

సోమవారం పొద్దున మబ్బు పట్టింది. ఏడున్నరకి చిన్నకోడలు వచ్చేసరికి కోటు లోపల చిలక ఇంకా నిద్రలోనే ఉంది. పెద్దకోడలు పంజరం ఎత్తబోయింది.

"ఉండనీ అక్కా," అంది చిన్నకోడలు గుసగుసగా. ఆమె కళ్ళ కింద చర్మం నలిగిన గుడ్డలా ఉంది. "నిద్రపోతున్నదాన్ని లేపకు. నా పాటికి నేను పడుకుంటాలే."

ఎంత మంచిదో అనుకుంది పెద్దకోడలు. మంగళవారానికి అరవై చొక్కాలు అప్పజెప్పాలి. ఆమె ముందుగదికి వెళ్ళి, మిషను మోటారు స్విచ్చి వేసి, పనిలో పడింది. కాలరు, జేబు, భుజం. కాలరు, జేబు, భుజం. ఎదుటి గోడవైపు ఉన్న కిటికీలోంచి మబ్బు వెలుతురు సూది మీద పడుతోంది. ఆ వెలుతురు కోసమే మిషనును కిటికీకి ఎదురుగా, చిన్నకోడలి గది వైపు గోడకు ఆనించి పెట్టుకుంది. పది దాటాక, పొడుగు కుట్లకు మోటారును పూర్తిగా వదిలినప్పుడు, చిన్నకోడలి గదిలో రెక్కలు కొట్టుకున్న చప్పుడు, చిలక కేక వినపడ్డాయి.

"ఈ కుట్టు ఆపకు, వంకర పోతుంది," అని మిషను కూతురికి ఇచ్చి ఆమె పరుగెత్తింది.

తలుపు నెట్టి లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయింది.

గదిలో మిషను ఉన్నట్టే ఉంది. గోడలోంచి చప్పుడు రావడం కాదు, గోడే కుడుతోంది. మంచం పక్కన గూట్లో పెట్టిన నీళ్ళగ్లాసులో చెంచా సన్నగా మోగుతోంది. బల్ల వణుకుతోంది. కోటు తెరిచిన పంజరంలో చిలక ఊచలు పట్టుకుని ఆయాసపడుతోంది. చిన్నకోడలు పంజరం ముందు నేల మీద కూర్చుని, ఒక వేలు ఊచల మధ్య పెట్టి, మెల్లగా మాట్లాడుతోంది.

"ఏం లేదమ్మా, ఏం లేదు. మిషనే అది. ఇప్పుడు ఆగుతుంది చూడు... ఆగింది. మళ్ళీ మొదలెడుతుంది. అలా లెక్కపెట్టుకుంటూ ఉంటే అలవాటైపోతుంది."

పెద్దకోడలు గోడ మీద అరచెయ్యి పెట్టింది. మోచేతిదాకా జివ్వుమంది.

"రోజూ ఇంతేనా?"

చిన్నకోడలు వెనక్కి తిరిగింది. "అయ్యో, నిన్ను కూడా పనిలోంచి లేపిందా ఇది? ఏది అక్కా రోజూ?"

"ఈ చప్పుడు."

"ఓ, అదా." ఆమె జుట్టు వెనక్కి తోసుకుంది. "మిషను ఇటు జరిపినప్పట్నుంచి. ముందు అంత ఉండేది కాదు."

మిషను జరిపి పద్నాలుగు నెలలయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. రెండుసార్లు."

"నేనేమన్నాను?"

చిన్నకోడలు గుర్తు తెచ్చుకోవడానికి ఆగలేదు. "'ఇదిగో, ఈ ఒక్క కాలరూ' అన్నావు." అందులో నిష్ఠూరం లేదు. అడిగిన దానికి జవాబు చెప్పింది, ఫోనులో అడ్రసు తిరిగి చదివి వినిపించినట్టు. "నీకూ పనే కదా. అందులో తప్పేముంది."

గోడ ఆగింది. కూతురు దారం మారుస్తున్నట్టుంది. ఆ ఖాళీలో చిన్నకోడలు, చిలక వైపే చూస్తూ అంది: "పోయిన వారం ఒకాయన ఇంటి నంబరు తప్పు విన్నాను అక్కా. అరవై ఒకటి అంటే డెబ్భై ఒకటి అని రాసుకున్నా. బండి పక్క వీధికి వెళ్ళింది. నాలుగు నిమిషాలు. ఆయన బతికాడులే. మా ఆఫీసరు, 'పగలు సరిగ్గా పడుకోమ్మా' అన్నాడు."

గోడ మళ్ళీ మొదలైంది. చెంచా మోగింది. చిన్నకోడలి కనురెప్పలు ఆ చప్పుడుకు ఒక్కసారి ముడుచుకుని, తెరుచుకున్నాయి. ఆమెకే తెలియకుండా.

పెద్దకోడలికి చిలక ఏ రాత్రి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు పడుకుందో నోటికి వచ్చు. ఈ పిల్ల ఎన్ని గంటలు పడుకుంటోందో, అసలు పడుకుంటోందో లేదో, డాక్టరమ్మే కాదు, ఎవరడిగినా తను చెప్పలేకపోయేది. పంజరం ఎత్తుకుని, గది దాటి, తలుపు దగ్గరికి వేసింది.

ముందుగదిలోకి వెళ్ళి మోటారు ప్లగ్గు పీకేసింది.

"అమ్మా! సగం కుట్టు!"

"ష్. లే. ఆ పక్క పట్టుకో."

"ఎక్కడికి?"

"వెనక వరండాకి. ఈడ్చకు, ఎత్తు. చప్పుడైతే నీ వీపు పగులుతుంది."

కూతురు ఆమె మొహం చూసి, లేచి రెండో పక్క పట్టుకుంది. మామగారిని పిలిచి, చెవిలో గట్టిగా గుసగుసలాడి, మూడో పక్క పట్టించారు. ఇనుప కాళ్ళ మిషను, ముగ్గురూ కలిసి, అడుగు వేసి ఆగి, అడుగు వేసి ఆగి, హాలు దాటించారు. గుమ్మం దగ్గర మామగారి వేలు నలిగింది. ఆయన నోరు పెద్దగా తెరిచి, శబ్దం రాకుండా అరిచారు. కూతురు నవ్వాగక మొహం భుజంలో దాచుకుంది. పెద్దకోడలి గుండె దడదడలాడుతోంది. ఆదివారం కంటే ఎక్కువగా, చిలక చెవి దగ్గర ముక్కు పెట్టినప్పటికంటే ఎక్కువగా. ఈదురుగాలికి పాత దుప్పటి అడ్డం కట్టింది. మిషను కాళ్ళ కింద చాప మడతలు వేసింది. వరండాలో వెలుతురు తక్కువ. బల్బు తీగ లాగి, తల మీదుగా వేలాడదీసుకుంది. కుక్కలు వచ్చి చూసి, ఇక్కడేమీ దొరకదని పోయాయి.

ఇంట్లో కొత్త చట్టం మొదలైంది. ఆ పూటనుంచే టీవీ నోరు మూసి బొమ్మలు మాత్రం చూపించింది. మామగారు వార్తలు చదివే అమ్మాయి పెదాలు చూసి వార్తలు ఊహించుకున్నారు. కూతురు ఫోను తలగడ కింద దాచింది. చిలకను వరండాలోనే తన పక్కన పెట్టుకుని పెద్దకోడలు కాలర్లు కుట్టింది. మధ్యమధ్య లేచి వెళ్ళి, చిన్నకోడలి తలుపు దగ్గర నిలబడి, చెవి ఆనించి, వచ్చేది. పన్నెండింటికి ఏమీ లేదు. ఒంటిగంటకు మంచం కిర్రుమంది, అంతే. రెండింటికి వెళ్ళినప్పుడు వినపడింది. సన్నటి గురక. ఆమె చేతులు నోటి మీదకు పోయాయి. ఎవర్నీ పిలవలేదు. తనొక్కతే, వినగలిగినంతసేపు విని, వచ్చి సూదిలో దారం ఎక్కించింది.

మూడయింది. నాలుగయింది. మామూలుగా ఆ వేళకు చిన్నకోడలు లేచి వంటింట్లో నీళ్ళు తాగుతూ కనిపిస్తుంది. తలుపు తెరుచుకోలేదు.

నాలుగూ నలభైకి ధడాలున తెరుచుకుంది. చిన్నకోడలు ఊడిన జడతో, చెంప మీద తలగడ ముడత అచ్చుతో, వట్టి కాళ్ళతో హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. నోరు మూసుకున్న టీవీ వంక చూసింది. పేపరు తిరగేయడానికి కూడా జంకుతూ కూర్చున్న మామగారి వంక చూసింది. మిషను లేని ముందుగది వంక చూసింది. మొహంలో నెత్తురు లేదు.

"అక్కా! ఏమైంది? ఎవరైనా పోయారా?"

పెద్దకోడలు వరండా గుమ్మంలోకి వచ్చింది. వేలికి తొడిగిన ఇనుప తొడుగు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఎవరూ పోలేదే," అంది మెల్లగా. "వెళ్ళి పడుకో. ఇంకా గంట టైముంది."

చిన్నకోడలు అర్థంకానట్టు ఒక్కొక్కరినే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుంది.